లంద పూడ్చిన చోట

మన చరిత్ర పుస్తకాల్లో కాకతీయుల చెరువులున్నాయి. పాకాల, రామప్ప, లక్నవరం పేర్లు బడి పిల్లలకు కంఠతా వస్తాయి. చెరువు నీళ్ళు ఎక్కని చెలకల్లో బావులు తవ్వి, మోట కొట్టి ఎవుసం చేశారన్న మాట కూడా ఎక్కడో ఒక వాక్యంలో దొరుకుతుంది. కాని ఆ మోటకు తొండం కుట్టిందెవరు? ఆ తొండం తోలు ఏ గుంతలో నానింది? ఆ గుంత ఎవరి గడప ముందర ఉండె? ఈ ప్రశ్నలకు పుస్తకాల్లో జవాబు లేదు. అడిగినవాళ్ళూ తక్కువే.

ఆ గుంత పేరు లంద. మాదిగవాడలో పుట్టినవాళ్ళకు దాని సంగతి చెప్పనక్కర లేదు. ఊర్లో పుట్టినవాళ్ళకు దాని వాసన తెలుసు గాని దాని పని తెలియదు. 'లంద కంపు' అని తిట్టడానికి మాత్రం ఆ మాట వాళ్ళకు పనికొచ్చింది.

నేను రాస్తున్నది మా ఇంటి సంగతి. 1985లో పెత్రమాస నుంచి దీపావళి దాకా, నెల రోజుల్లో, మా లంద పూడింది, మా ఇంటి గోడలు లేచాయి, మా నాయిన పోయాడు. ఇంటి ముచ్చట్లు చరిత్ర ఎట్ల అవుతాయని అడిగేవాళ్ళుంటారు. దొర గడీ కట్టుకోవడం చరిత్ర అయినప్పుడు మాదిగోడు రెండర్రల ఇల్లు కట్టుకోవడం చరిత్ర ఎందుకు కాదు?

మాది పాత వరంగల్ జిల్లాలో ఒక ఊరు. వాడ ఊరికి తూర్పున ఉంది. పడమటి గాలి ఊరి మీదుగా వచ్చి మా మీదుగా పోయే దిక్కు అది. మా తాతల నాటి గుడిసెకు పది అడుగుల దూరంలో లంద. నిజానికి రెండు గుంతలు. ఒకటి సున్నానిది, ఒకటి చెక్కది. ఎవరింట్లోనన్న పశువు చచ్చిందని కబురొస్తే నాయిన, చిన్నాయిన మోకులు పట్టుకొని పోయేవాళ్ళు. ఒలిచి తెచ్చిన చర్మాన్ని కడిగి సున్నపు గుంతలో వేసేవాళ్ళు. కొన్ని రోజులకు వెంట్రుక వదులయ్యేది. అప్పుడు మొద్దు మీద పరిచి వెంట్రుక ఒకవైపు, కండ ఒకవైపు గీకి, సున్నం పోయేదాకా మళ్ళీ మళ్ళీ కడగాలి. ఆ తర్వాత తంగేడు చెక్క నీళ్ళు. చెక్కను దంచి నానబెడితే నీళ్ళు ఎర్రబడతాయి. ఆ నీళ్ళలో నాని నాని చర్మానికి రంగు పట్టేది. చివరికి దాన్ని సంచిలాగా కుట్టి, లోపల చెక్క, నీళ్ళు నింపి, గుంజలకు వేలాడదీసేవాళ్ళు. నీళ్ళు బొట్టు బొట్టు కారుతుంటే పైనుంచి మళ్ళా పోస్తుండాలి. పచ్చి చర్మం తోలు కావడానికి నెల పైన పట్టేది. ఎక్కడ తొందరపడ్డా కుళ్ళిపోయేది. ఎంత సున్నం, ఎన్ని రోజులు, ఏ ఎండ అన్నది నాయిన చేత్తో ముట్టి చెప్పేవాడు. ఈ పని మీద పరిశోధన చేయడానికి 1948లో మద్రాసులో కేంద్ర సంస్థ ఒకటి పెట్టారు. అక్కడ దాన్ని శాస్త్రం అన్నారు. మా దగ్గర నీచపు పని అన్నారు. రెండుచోట్లా చర్మం తోలయ్యే తీరు ఒకటే.

తంగేడు గురించి ఇంకొక మాట చెప్పాలి. పెత్రమాస దగ్గరికొస్తుంటే చెలకల గట్లన్నీ తంగేడు పువ్వుతో పచ్చగయ్యేవి. ఊరి ఆడవాళ్ళు ఆ పువ్వు తెంపుకపోయి బతుకమ్మ పేర్చేవాళ్ళు. అదే చెట్టు బెరడును నాయిన ఒలుచుకొచ్చి లందలో వేసేవాడు. పువ్వు గౌరమ్మ పక్కన కూర్చుంది. చెక్క అంటరానిదైంది. ఒక్క చెట్టును రెండు కులాలుగా చీల్చిన దేశం ఇది. ఆ చెక్కకు ఊర్లో విలువ లేకపోయినా వ్యాపారంలో బాగనే ఉండె. బ్రిటిష్ పాలనలో మద్రాసు నుంచి ఇంగ్లండుకు ఓడలెక్కిన తోళ్ళు తంగేడు చెక్కతో పదునైనవే. 20వ శతాబ్దం మొదట్లో దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ చెక్క దిగుమతి అయ్యేదాకా ఆ వ్యాపారానికి మన గట్ల మీది తంగేడే ఆధారం. ఓడలెక్కించినోళ్ళు లక్షాధికారులయ్యారు. ఒలిచినోళ్ళ చేతులు మాత్రం ఎర్రబడ్డాయి.

మోట ఉన్నన్నాళ్ళు మాదిగ లేకుండా ఎవుసం లేదు. బొక్కెనకు తొండం, ఎడ్లకు వార్లు, చెర్నకోల, రైతు కాలికి కిర్రు చెప్పులు, అన్నీ మా వాడ నుంచే పోవాలి. దానికి పంటనాడు కళ్ళం కాడ ఇంత మేర అని గింజలు కొలిచేవాళ్ళు. అది రైతుల సంగతి. దొరకు మాత్రం అన్నీ వెట్టే. మా తాత ఏడాదికి ఎన్ని జతల చెప్పులు గడీకి మోశాడో లెక్క లేదు. ఆ చెప్పులు నెత్తిన పెట్టుకొని పోవాలి, గడీ ముందర తన కాళ్ళకు చెప్పులుండొద్దు. చెప్పులు కుట్టినోడు చెప్పుల్లేకుండా నడవాలన్నది నైజాం రాజ్యంలో ఎక్కడా రాసి లేదు. రాయకుండానే అమలైన చట్టం అది.

1946 నుంచి 1951 దాకా నడిచిన సాయుధ పోరాటంలో మా ఊర్లో వెట్టి ఆగింది. సంగమోళ్ళు వచ్చి గడీ ముందర నిలబడ్డనాడు మా తాత మొదటిసారి చెప్పులేసుకొని ఊర్లో నడిచాడట. నాయిన ఈ ముచ్చట చెప్పేటప్పుడు తన కాళ్ళ దిక్కు చూసుకునేవాడు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌల్దారీ చట్టం వచ్చింది. చట్టం కౌలుదారును కాపాడింది. మా తాత కౌలుదారు కాదు. వెట్టి చేసినోడికి ఏ కాగితం మీద పేరుంటది? పేరు లేనోడికి ఏ చట్టం భూమి ఇస్తది? భూమి పంచుకునే కాలానికి మా వాటా కింద మాకు మిగిలింది లంద, దాని చుట్టూ మూడు గుంటల జాగ.

లందను ఏ సంస్కర్తా పూడ్చలేదు. కరెంటు మోటారు పూడ్చింది. 1970ల్లో మా ఊరికి కరెంటు వచ్చింది. ఒక్కొక్క బావి మీద మోట పోయి మోటారు కూర్చుంది. తొండం అడిగినోడు లేడు. అదే కాలంలో రబ్బరు చెప్పులు, టైరు చెప్పులు అంగట్లోకి దిగాయి. కిర్రు చెప్పులు పెండ్లికొడుకులకు మాత్రమే మిగిలాయి. పచ్చి చర్మాలను వ్యాపారులే కొని లారీలకెక్కించారు. తోలు పని బయట పెద్ద పరిశ్రమ అయ్యింది, మా దగ్గర లేకుండా పోయింది. నాయిన కూలికి పోవడం మొదలుపెట్టాడు. మేర బందయ్యింది. కాని చచ్చిన గొడ్డును ఎత్తిపోయే పని, ఊరి పండుగకు డప్పు కొట్టే పని, చాటింపు వేసే పని మాత్రం బందు కాలేదు. ఫలితం పోయింది, చాకిరి మిగిలింది. ఎవుసం మారితే కులం మారుతదని నమ్మేవాళ్ళు ఒకసారి మా వాడ చరిత్ర చదవాలె.

ఇక 1985. నేను హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతున్నాను. ఆ ఏడాది జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగపల్లె మీద దాడి జరిగింది. మంచినీళ్ళ చెరువు కాడ మొదలైన మాట మరునాటికి ఆరుగురి ప్రాణాలు తీసింది. ఆడవాళ్ళ మీద అత్యాచారాలు జరిగాయి. మిగిలినవాళ్ళు చీరాలకు పరుగెత్తి శిబిరంలో ఉన్నారు. హాస్టల్‌కు వచ్చే ఒక్క పేపరును మేము ముక్కలు ముక్కలుగా పంచుకొని చదివాం. ఆ ఏడాదే కత్తి పద్మారావు, బొజ్జా తారకం ముందు నిలబడి దళిత మహాసభ పెట్టారు. మా అన్న హన్మకొండలో సుతారి పని చేసేవాడు. అక్కడి సభల్లో విన్న మాటలు మూట గట్టుకొని వాడకు తెచ్చాడు. పెత్రమాసకు రెండు రోజుల ముందు అన్న పని మానుకొని ఇంటికొచ్చాడు. కూడబెట్టిన కూలి పైసలు అవ్వ చేతిల పెట్టి, "ఈ దసరాకు ఇల్లు మొదలుపెడ్తన్న" అన్నాడు.

ఇల్లు ఎక్కడ కట్టాలె? గుడిసె తీసేసి ఆ జాగలో కడదామంటే కట్టేటన్ని రోజులు ఉండేందుకు నీడ లేదు. మిగిలిన జాగ లంద. నాయిన అప్పటికే మంచం పట్టాడు. దగ్గితే నెత్తురు పడేది. పట్నం డాక్టరు క్షయ అని తేల్చాడు. మందులు వాడుతూనే కూలికి పోయేవాడు, కూలికి పోతూ మందులు మరిచేవాడు. మంచంలోంచి లేచి కూర్చొని లంద దిక్కు శానసేపు చూశాడు. అన్నతోని ఒక్కటే అన్నాడు: "పూడువు. కాని ముందుగాల దాంట్ల ఉన్న రాళ్ళు తియ్యి. నా అయ్య పేర్చిన రాళ్ళు. పునాదికి పనికొస్తయి."

పెత్రమాస నాడు మా ఇండ్లల్ల పెద్దలకు పెట్టుకుంటాం. చచ్చినోళ్ళ పేరు మీద వండి, విస్తరేసి, మొక్కి తర్వాత మేము తింటాం. ఆ పొద్దు అవ్వ తాతకు పెట్టిన విస్తరి లంద గట్టు మీద పెట్టింది. తెల్లారి నుంచి పూడ్చుడు మొదలైంది. బతుకమ్మకు అక్క అత్తగారింటి నుంచి వచ్చింది. నేను దసరా సెలవులకు వచ్చాను. ఊర్లో ఆడోళ్ళు బతుకమ్మ ఆడుతుంటే మా ఇంటి ఆడోళ్ళు చెరువు మట్టి మోశారు. పొద్దంతా మట్టి మోసి, మాపటికి వాడ నడుమ చిన్న బతుకమ్మ పెట్టి ఆడేవాళ్ళు. ఊరి గుడి కాడికి మావాళ్ళు పోయేది లేకుండె. సద్దుల బతుకమ్మ నాటికి రెండు గుంతలూ నేలకు సమమయ్యాయి. తాత పేర్చిన రాళ్ళు పునాదిలోకి పోయాయి. సున్నపు గుంతలో అడుగున గట్టిపడ్డ సున్నాన్ని కూడా నాయిన పారేయనియ్యలే, దంచి పక్కన పోయించాడు. మా ఇల్లు పండుగ పనీ ఇంటి పనీ ఒక్కటిగా చేసిన రోజులవి. మేమందరం ఒక్కచోట ఉన్న చివరి పండుగ కూడా అదే.

పునాది లేచినాక పటేల్ మనిషి వచ్చాడు. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థను ప్రభుత్వం రద్దు చేసింది గాని, మా ఊర్లో పటేల్ పటేలే. ఆ మనిషి పునాది చుట్టూ తిరిగి, "లంద ఉంటె సరే, మీ కులపని. పూడ్సినంక ఇది ఊరి జాగ. ఎవర్ని అడిగి కడుతున్నరు?" అన్నాడు. మూడు తరాలు ముక్కు మూసుకొని తప్పుకు తిరిగిన జాగ వారం రోజుల్లో ఊరిదైంది. అన్న కోపంతో ముందుకు పోబోతే నాయిన చెయ్యెత్తి ఆపాడు. మంచం మీదినుంచే, "వాసన వచ్చినన్ని రోజులు మాది, వాసన పోంగనే మీదాయెనా? పటేలును వచ్చి అడుగుమను. చెప్త" అన్నాడు. 'నీ బాంచెన్' అనకుండా మా నాయిన మాట్లాడగా నేను విన్నది అదే మొదలు. ఆ మనిషి కూడా అదే మొదటిసారి విన్నట్టున్నది. ఏమనకుండా పోయాడు.

దసరా నాడు ఊరంతా జమ్మి చెట్టు కాడికి పోవాలంటే ముందర మాదిగ డప్పు ఉండాలె. డప్పు లేందే ఊరేగింపు కదలదు. జమ్మి ఆకు తెంపుకున్నాక దాన్ని బంగారమని ఒకరి చేతిలో ఒకరు పెట్టుకొని అలయ్‌బలయ్ తీసుకుంటారు. డప్పు కొట్టినోళ్ళు దూరం నిలబడాలె. అందరిదీ అయినంక కాళ్ళ కాడ ఆకు పెట్టి మొక్కాలె. ఆ ఏడాది అన్న, అతని ఈడు పిల్లలు కూడి, "ఈసారి పొయ్యేది లేదు" అన్నారు. 1927లో మహాడ్‌లోనే అంబేద్కర్ చచ్చిన గొడ్లను ఎత్తడం మానమని చెప్పిండని, అరవై ఏండ్లు కావస్తున్నా మనం మానలేదని అన్న వాదించాడు. పెద్దోళ్ళు భయపడ్డారు. కారంచేడు అయ్యి మూడు నెలలే అయ్యింది. "గాడ ఆరుగుర్ని సంపిన్రు, ఈడ ఎంతమందిని సంపుతరో" అని ఒక ముసలమ్మ ఏడ్చింది.

పంచాయితీ మా పునాది రాళ్ళ మీదనే జరిగింది. నాయినను అడిగారు. నాయిన అన్న మాట నాకు ఇప్పటికీ యాదికున్నది. "డప్పు నీచం గాదు. కొట్టుమని ఇంకొకడు చెప్పుడు నీచం. కొట్టేది కొట్టంది మనం చెప్పుకోవాలె. కొట్టబుద్దయితె మన మైసమ్మ ముందర కొట్టుండ్రి." చదువుకున్న నేను గాని, సభలు చూసిన అన్న గాని ఆ తేడాను అంత సూటిగా చెప్పలేకపోయేవాళ్ళం. డప్పును కాల్చేద్దామన్నోళ్ళు ఊకున్నారు. ఊరికి పోయి కొడదామన్నోళ్ళూ ఊకున్నారు. ఆ దసరాకు జమ్మికొమ్మ ఒకటి తెచ్చి మైసమ్మ ముందర నాటి, గడ్డిమంట మీద డప్పులు కాపి, వాడంతా ఆడింది. ఒకరి చేతిలో ఒకరం ఆకు పెట్టుకొని కౌగిలించుకున్నాం. ఊరి ఊరేగింపు డప్పు లేకుండా జమ్మికి పోయింది.

తెల్లారి నుంచి మమ్మల్ని కూలికి పిలవలేదు. మట్టికి, కలపకు బండ్లు కిరాయికి ఇవ్వలేదు. దుకాణంలో ఉద్దెర బందు. అయినా ఇల్లు ఆగలేదు. మట్టి గోడ ఎట్లాగూ ఒక్కనాడు లేచేది కాదు. ఒక వరుస పెట్టి అది ఆరినాకే పై వరుస పెట్టాలె. కూలి లేనోళ్ళందరికీ పనే లేదు గనుక వాడంతా మా గోడ మీదికి వచ్చింది. చిన్నాయినలు మట్టి తొక్కారు. అక్క, వదిన తట్టలు మోశారు. అవ్వ బర్రెదూడను పొరుగూరి అంగట్లో అమ్మి వేపకర్ర దర్వాజ కొన్నది. బండి లేదు కాబట్టి ఆ దర్వాజను నలుగురు నాలుగు మైళ్ళు భుజాల మీద మోసుకొచ్చారు. దర్వాజ నిలబెట్టిననాడు నాయినను మంచంతో సహా తెచ్చి ముందర కూర్చోబెట్టాం. వానొస్తే గోడ కరగకుండా తాటికమ్మలు కప్పేవాళ్ళం. ఆ ఏడాది వెనక వానలు బాగనే పడ్డాయి. రాత్రి ఉరిమితే మొదలు లేచేది నాయినే. "గోడ మీద కమ్మలున్నయా?" అని అడిగేవాడు.

చివరి రోజుల్లో నాయిన చేసిన పని ఒకటున్నది. దసరాకు వాడలో కోసిన మేకతోలును అడిగి తెప్పించుకున్నాడు. అన్న డప్పుకు పాత తోలు చీలింది. మంచం మీద కూర్చొని, ఊపిరి ఆడక ఆగి ఆగి, రెండు రోజులు ఆ డప్పును మూశాడు. వార్లు లాగడానికి చేతుల్లో బలం లేక నన్ను పట్టుకోమన్నాడు. ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో చెప్పాడు. నేను నేర్చుకున్న మా కులవిద్య అంతే, రెండు రోజులది. తోలు ఆరినాక సిర్రతోని ఒక్క దెబ్బ వేసి విన్నాడు. "మంచిగనే పలుకుతంది. నేను పోయిననాడు కొట్టుండ్రి" అన్నాడు. అవ్వ తిట్టింది.

దీపావళి నాలుగు రోజులుందనగా తెల్లవారుజామున నాయిన పోయాడు. గోడలు దర్వాజ పై ఎత్తుకు లేచి ఉన్నాయి. కప్పు లేదు. శవాన్ని గుడిసెలోంచి తెచ్చి ఆ గోడల నడుమ పండబెట్టాం. అక్కడ కింద లంద ఉండె. నాయిన బతుకంతా వంగి పని చేసిన జాగలోనే ఆ పూట వెల్లకిలా పడుకున్నాడు.

మా బొందలగడ్డ చెరువు అవతల ఉంది. ఊరి నడుమ నుంచి పోతే దగ్గర. మా శవాలు మాత్రం ఎప్పుడూ ఊరి బయట వాగు ఒడ్డు పట్టుకొని పోవాలె. ఆ రోజు వాగు నడుములోతు పారుతున్నది. పెద్దమనుషులు పోయి పటేల్‌ను అడిగివద్దామన్నారు. అప్పుడు అవ్వ లేచింది. ఏడుస్తున్న మనిషి ఏడుపు ఆపి, "ఆడు పిలిస్తె ఇన్నేండ్లు ఊర్లకు పోయినోడే గదా? సత్తె ఎందుకు పోగూడదు? ఎవర్నీ అడగొద్దు" అన్నది. అన్న డప్పు ఎత్తుకున్నాడు.

మేము ఊరి నడుమ నుంచే పోయాం. నాయిన మూసిన డప్పు ముందు, వెనక వాడలోని డప్పులన్నీ. నేను కుండ పట్టుకొని నడిచాను. హనుమాండ్ల గుడి కాడ పది పదిహేనుమంది కట్టెలు పట్టుకొని నిలబడ్డారు. ఎవరూ మాట్లాడలేదు. మా వెనక మూడు వందలమంది ఉన్నారు, అందులో సగం ఆడోళ్ళు. కట్టెలు పట్టుకున్నోళ్ళు తప్పుకోలేదు, మీదికీ రాలేదు. వాళ్ళ పక్కనుంచే పాడె పోయింది. కొన్ని ఇండ్లు తలుపులు వేసుకున్నాయి. ఒక ముసలి రైతు, నాయిన చేత ముప్పై ఏండ్లు తొండం కుట్టించుకున్న మనిషి, అరుగు మీద లేచి నిలబడి నెత్తి రుమాలు తీశాడు. ఇది కూడా రాయాలె.

తర్వాత మాకేమన్నా అయితదని అనుకున్నాం. కాలేదు. అందుకు ఊరి మంచితనం కారణం కాదు. వరి కోతకొచ్చింది. చేను ఎక్కువ రోజులు నిలబడితే గింజ రాలుతుంది. నాయిన దినాలు కాకముందే రైతులు ఒక్కొక్కరు వాడకొచ్చి కూలికి పిలిచారు. మా వాడ ఒక్క మాట మీద నిలబడి, కోతలకు వస్తాం గాని గొడ్లను ఎత్తం, అడిగినట్టల్లా డప్పు కొట్టం అని చెప్పింది. ఒప్పుకున్నారు. పైకి చెప్పకుండా ఒప్పుకున్నారు. మా ఊర్లో వెట్టి చివరి ముక్క అట్ల పోయింది. బలిమి ఎక్కడుందో మా చేతులకు అప్పుడే తెలిసింది.

దీపావళి నాడు మా ఇంట దీపం పెట్టలేదు. కప్పు లేని గోడల మీది నుంచి ఊర్లో కాల్చే తారాజువ్వలు కనిపించాయి. దినాలయ్యాక నేను గుండుతో హాస్టల్‌కు పోయాను. బడిలో 'దసరా సెలవులు ఎట్లా గడిపితిరి' అని వ్యాసం రాయిస్తున్నారు. తెలుగు సారు నా తల చూసి, నువ్వు రాయక్కర లేదులే అన్నాడు. దయతోనే అన్నాడు. ఆ వ్యాసం ఇన్నేండ్లకు రాస్తున్నాను.

1986 ఎండకాలంలో ఇంటి మీద గూనపెంక కప్పాం. నాయిన దాపించిన లంద సున్నమే గోడలకు వేశాం. ఊరి జాగ అన్న తగాదా ఏడేండ్లు నడిచింది. చివరికి 1992లో అవ్వ పేరు మీద పట్టా వచ్చింది. అందులో భర్త పేరు ముందర 'లేట్' అని రాసి ఉంది. మా వంశంలో ఒకరి పేరు భూమి కాగితం మీదికెక్కడం అదే మొదలు. నాయిన పేరు చచ్చినాక ఎక్కింది.

ఆ తర్వాతి చరిత్ర మీకు తెలుసు. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. అది వచ్చిన రెండేండ్లకే, 1991 ఆగస్టు 6న, చుండూరులో దళితులను నరికి కాలువలో పడేశారు. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైంది. ఊరికోసం చాటింపు వేసిన డప్పు తనకోసం చాటింపు వేసుకుంది. ఆ ఉద్యమంలో వేల డప్పులు ఒక్కసారి మోగుతుంటే జనంలో నిలబడి విన్నప్పుడు, నాయిన పునాది రాళ్ళ మీద చెప్పిన మాట ఇదే కదా అనుకున్నాను. వర్గీకరణ చేసుకునే హక్కు రాష్ట్రాలకుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న చెప్పింది. దానికి ముప్పై ఏండ్లు పట్టింది. మా ఇంటి జాగకు పట్టిన ఏడేండ్లు తక్కువేననిపించింది.

ఇప్పుడు అదే జాగలో స్లాబు ఇల్లుంది. పాత పునాది తవ్వినప్పుడు తాత రాళ్ళు మళ్ళా బయటికొచ్చాయి. అన్న వాటిని కొత్త పునాదిలోనే వేయించాడు. గట్టి వాన పడ్డనాడు ఇంటి వెనక నేల నుంచి ఇంకా సన్నగా తంగేడు చెక్క వాసన వస్తుంది. పిల్లలకు అది ఏం వాసనో తెలియదు. నాకు తెలుసు, అన్నకు తెలుసు.

నాయినకు ఒక్క ఫొటో కూడా లేదు. అందుకే అవ్వ బతికినన్నాళ్ళు పెత్రమాస నాడు గూట్లోంచి నాయిన ఆరె, రంపె తీసి, కడిగి, బొట్టు పెట్టి, వాటి ముందర విస్తరేసేది. అవ్వ పోయినాక ఆ పని వదిన చేస్తున్నది. రంపె కర్రపిడి నాయిన బొటనవేలు పట్టినకాడ అరిగి గుంతపడి ఉంటుంది. నా బిడ్డ దాన్ని పట్టుకొని చూసి, తన వేలు అందులో పెట్టి, "తాత చెయ్యి ఇంత పెద్దదా?" అని అడిగింది. అవునన్నాను.